మొగుడి పేరుకు కత్తెర

మా తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. పందిట్లో కట్టే ఫ్లెక్సీ సంగతి చూద్దాం రా అత్తా అని ఆ పిల్ల నన్ను నెల్లూరులో ఒక షాపుకు లాక్కుపోయింది. మోకాళ్ళ నొప్పులే తల్లీ, మెట్లెక్కలేనే అంటే వినదే! షాపులో అమ్మాయి కంప్యూటరు తెరమీద పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు ఇంగ్లీషులో కొట్టి, మీట నొక్కినప్పుడల్లా అక్షరాల రూపు మారుస్తూ కూర్చుంది. సన్నవి, గుండ్రటివి, మెలికలు తిరిగి ఏ అక్షరమో తెలియనివి, ఎన్ని రకాలో. నాకు ఆవులింతలు మొదలయ్యాయి.

అంతలో ఆ అమ్మాయి, "ఇది చూడండమ్మా, బోల్డ్ ఇటాలిక్. పెళ్ళిళ్ళకు బాగా పోతుంది" అని ఇంకొకటి పెట్టింది.

లావు అక్షరాలు. కుడిపక్కకు వాలినవి. ప్రతి గీత కొసనా చిన్న పాదం. ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. నాకు ఆ ఏసీ గదిలో ఉన్నట్టుండి ఉడికిన మైదా జిగురు వాసన కొట్టింది. నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపుకోలేకపోయాను. మా కోడలు పిల్ల కంగారుపడి, "ఏమైంది అత్తా, మంచినీళ్ళు తాగుతావా?" అంటుంది. ఏం చెప్పను దానికి? ఆ అక్షరాలు మా ఇంట్లో పుట్టాయని చెప్తే నమ్ముతుందా?

పూర్తిగా మా ఇంట్లో పుట్టలేదులెండి. అబద్ధం ఎందుకు?

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో మా ఊరు. ఇప్పుడు అటు పోతే రెండు పక్కలా రొయ్యల గుంటలే, నీళ్ళలో తిరిగే చక్రాల చప్పుడే. అప్పుడు మొలగొలుకుల వరిచేలు. వెన్ను వేసే రోజుల్లో సాయంత్రం సముద్రపు గాలి ఆ చేలమీదుగా వచ్చిందంటే, పొయ్యిమీద ఎసరు పెట్టకుండానే అన్నం ఉడికిన వాసన వచ్చేది. మా నాయన రైసుమిల్లులో ఇంజను నడిపేవాడు. మా తాత ఎప్పుడో పోయాడు. ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, నేను, తమ్ముడు, ఇంకా నాయన చెల్లెలు. ఆమెను ఊరంతా అమ్మణ్ణి అనేవాళ్ళు. నాకు అత్త.

అత్తకు మిషను ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ ఊరు విడిచిపోతూ ఒక బిస్కట్ల డబ్బా ఇచ్చింది. బిస్కట్లు ఎప్పుడో అయిపోయినవి, ఉత్త డబ్బానే. దాని మూతమీద దొరల కంపెనీ పేరు బంగారు రంగులో, ఈ లావు వాలు అక్షరాలతో ఉండేది. అత్త ఆ అక్షరాలను పెద్దవి చేసి పాత క్యాలెండరు అట్టలమీద గీసి, కత్తిరించి దాచుకుంది. ఆ పేరులో లేని అక్షరాల మాటేమిటి? వాటిని సొంతంగా పుట్టించింది. ఆర్ కాలు ఊడబెరికి కె కి పెట్టింది. ఓ కి తోక పెట్టి క్యూ చేసింది. అలా ఏ నుంచి జెడ్ దాకా అట్ట అచ్చులు తయారయ్యాయి. అందుకే మా ఇంట్లో పుట్టాయన్నాను.

వాటికి ఆమె పెట్టిన పేర్లు వేరే. కొసన ఉండే పాదాలను చెప్పులు అనేది. "చెప్పుల్లేని అక్షరం ఇంట్లో తిరగొచ్చు గానీ పెళ్ళికి రాకూడదు మే" అనేది. ఎస్ కొసన గోళీకాయంత గుండు ఉండేది, అది లోలాకు. లావు గీత కడుపు, సన్న గీత ఎముక. కడుపు, ఎముక రెండూ సరిగ్గా ఉంటేనే అక్షరం దూరానికి మెరుస్తుందట. పెళ్ళిళ్ళకు మఖమలు గుడ్డమీద బంగారు కాగితపు అక్షరాలు, క్రిస్మసుకు ఎర్రగుడ్డమీద దూది అక్షరాలు, కొత్త కాపురాలకు దిండు గలీబులమీద దారంతో కుట్టిన అక్షరాలు, అన్నీ ఈ వాలు అక్షరాలే. సోడా షాపాయన బోర్డుకూ, రెడ్డిగారి కొత్త ట్రాక్టరు నుదుటికీ అచ్చులు మా ఇంటినుంచే పోయాయి.

అన్నిటికీ ఇచ్చేది కాదు. ఒకాయన బడి వార్షికోత్సవానికి హెడ్మాస్టరు సందేశం మొత్తం ఆ అక్షరాల్లో కావాలన్నాడు. "ఇది గొంతెత్తి పిలిచే అక్షరం అన్నా. దీంతో రెండు మాటలు చెప్పచ్చు గానీ, కత చెప్తే ఎవురు చదవతారు? కళ్ళు తిరగతాయి" అంది. సమాధిరాయికి అడిగినవాళ్ళకు మాత్రం చచ్చినా ఇవ్వలేదు. "పోయినోళ్ళను పడుకోనీయండి, పరిగెత్తించబాకండి" అని నిటారు అక్షరాలు గీసి ఇచ్చింది.

అక్షరాలు అతికేరోజు మాకు పండగ. అమ్మ మైదాపిండి ఉడకేసేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపాలి. అది కలిపేలోపు నేనూ మా తమ్ముడూ గరిటెడు వేడి జిగురు ఆకులో వేయించుకుని చక్కెర చల్లుకుని తినేవాళ్ళం. వినడానికి అసహ్యంగా ఉందా? మీరు తినలేదు కాబట్టి అంటున్నారు. బంగారు కాగితం ముక్కలు పళ్ళకు అతికించుకుని వీధిలో ఇకిలించుకుంటూ తిరిగేవాళ్ళం. ఒకసారి మేక కె అచ్చు తినేసింది. ఆ నెల్లో పెళ్ళయిన కోటేశ్వరమ్మ పేరు రాయడానికి అత్త మళ్ళీ ఆర్ కాలు ఊడబెరకాల్సి వచ్చింది.

ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకూ అక్షరాలు కోసిన అత్తకు మాత్రం పెళ్ళి కాలేదు. ముప్ఫై దగ్గర పడింది. కొన్ని సంబంధాలు రంగు చాలదని వాళ్ళే పోయారు. కొన్నిటిని ఈమే తరిమింది. చూపులకు వచ్చిన ఒకాయన ఉప్మా బాగోలేదన్నాడని, "అయితే పొయ్యి దగ్గరికి రాండి, నేర్పిస్తా" అన్న మనిషి. అవ్వ ప్రతి ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, మోకరించి లేచేటప్పుడు కళ్ళు తుడుచుకునేది. తాత పోయేముందు చెల్లెల్ని నాయన చేతిలో పెట్టి పోయాడట. అందుకని ఎవరైనా అత్త మాట ఎత్తితే నాయన అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

అప్పుడు వచ్చింది చిట్టమూరు వైపు సంబంధం. ఆయన ఎరువుల సొసైటీలో గుమాస్తా. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది, నడిస్తే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు. తల్లీతండ్రీ లేరు, పెంచింది అక్క. చూపులకు వచ్చినప్పుడు ఆయన మా అత్తను చూడకముందు దిండు గలీబు చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ అక్షరాలు ఎదురుగాల్లో పోతా ఉండాయే! ఎవురు కుట్టినారు?" అన్నాడు. తలుపు చాటునుంచి అత్త, "నేనే" అంది. ఇంకేమీ మాట్లాడుకోలేదు. వాళ్ళు బస్సెక్కాక అవ్వ భయపడుతూ అడిగితే, "ఈయన్నే చేసుకుంటా. ఈయన కాకపోతే ఇంకెవుర్నీ నాకు చూపించబాకండి" అని చెప్పేసింది.

సంబంధం తెచ్చిన పెద్దమనిషి పోతూపోతూ ఒక మాట చెవిన వేశాడు. ఆయనకు ముందొక సంబంధం కుదిరి, పెళ్ళి పందిట్లో ఆడపెళ్ళివాళ్ళ కుర్రకుంకలు ఎవరో ఆయన నడకను వెక్కిరించారట. వాళ్ళక్క మాట కూడా మాట్లాడకుండా తమ్ముడి మెడలో దండ తీసి కింద పెట్టి, చెయ్యి పట్టుకుని బస్సెక్కించి తీసుకుపోయిందట. "ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఆ పిల్లోడి కాలు చూసి ఎవురన్నా పళ్ళికిలిస్తే, మీ పందిట్లోంచి గూడా అట్నే తీసకపోద్ది. పిల్లకాయల్ని గమ్మునుండమని చెప్పుకోండి" అన్నాడు. ఆ రోజునుంచి నాకూ తమ్ముడికీ ఇంట్లో నవ్వడం నిషేధం. పెళ్ళి అయ్యేదాకా కుంటివాడు, వంకర, వాలు అనే మాటలు ఎవరూ పలకకూడదు. వాలుకుర్చీని కూడా అమ్మ "ఆ కుర్చీ" అనేది.

గుడిలో పెళ్ళి ప్రకటనలు అయ్యాయి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అత్త తన పెళ్ళి గుడ్డకు తానే అక్షరాలు కోసుకోవడానికి కూర్చుంది. మెరూను రంగు మఖమలు, మధ్యలో రెండు ఉంగరాల బొమ్మ. ఆడపెళ్ళివాళ్ళ పందిరి కాబట్టి ఉంగరాలకు ఎడమపక్క అత్త పేరు, కుడిపక్క ఆయన పేరు. తన పేరు కోసి అతికేసింది. ఆయన పేరులో మొదటి అక్షరానికి కత్తెర పెట్టబోతుంటే అవ్వ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఓసి నీ చేతులు పడ! మొగుడి పేరు నోటితో చెప్పడానికే లేదే. కత్తెర పెట్టి కోస్తావా?"

"అమ్మా, మనకి అట్టాంటివి లేవు. గుడిలో అయ్యగారు చెప్పలా?"

"అయ్యగారు మగోడు. ఆయనకేం తెలుసు? శకునాలు మనకీ లేవు, నేనూ నమ్మను. కానీ నువ్వు మాత్రం కొయ్యబాక" అంది అవ్వ.

మా అవ్వ అంతే. పిల్లి ఎదురొస్తే ప్రార్థన చేసుకుని, ఒక నిమిషం కూర్చుని, ఆ తరువాతే బయలుదేరేది. మొగుడి పేరు విషయంలో మరీ పట్టుదల. రేషను షాపులో తాత పేరు అడిగితే పక్కనున్న నన్ను గిల్లి నాచేత చెప్పించేది.

అప్పుడు నాయన మీసం తిప్పాడు. "ఎందుకంత గొడవ? బావ పేరు బావమరిది కోస్తాడు. ఇరవై గుర్రాల ఇంజను విప్పి బిగించేవోణ్ణి, కాగితం కొయ్యలేనా?" అన్నాడు. అత్త ఆయనను కూర్చోబెట్టి పని చెప్పింది. బంగారు కాగితానికి ముందువైపే రంగు, వెనక తెలుపు. పెన్సిలు గీత కనపడకుండా ఉండాలంటే వెనకవైపు గీసుకోవాలి. వెనకవైపు గీసేటప్పుడు అచ్చును బోర్లించి పెట్టాలి. బోర్లించకపోతే కోసి తిప్పినప్పుడు అక్షరం తిరగబడిపోతుంది. నాయన, "సరే సరే, తెలిసిందిలే" అన్నాడు. మిల్లులో ఆయనకు ఎవరైనా ఏదైనా చెప్తే కూడా అదే మాట. ఆ మాట అన్నాడంటే విననట్టే లెక్క.

సలహాలు చెప్పేవాళ్ళు ఉండకూడదని తలుపేసుకుని కోశాడు, తలుపేసుకుని అతికాడు. గుడ్డ చుట్టి మూలన పెట్టి, పెళ్ళినాటి పొద్దున్నే తీస్తానన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన పేరులో ఒక్క ఇ ఉన్నా, ఒక్క ఆర్ ఉన్నా, ఒక్క ఎస్ ఉన్నా నాయన తప్పు అప్పుడే బయటపడేది. తిరగబడిన ఇ ని చూస్తే మాబోటి పిల్లలకు కూడా తెలిసిపోతుంది. మా అదృష్టమో దురదృష్టమో, ఆ పేరు మొత్తం టి, ఎం, ఓ, హెచ్ లాంటి అక్షరాలే. వాటిని ఎటు తిప్పినా అవే. తిరగబడినా చక్కగా చదవడానికి వస్తుంది. ఒక్కటే తేడా, కుడికి వాలాల్సినవి ఎడమకు వాలుతాయి.

పెళ్ళినాడు పొద్దున పందిట్లో గుడ్డ కట్టి నాయన వెనక్కి నడిచి చూశాడు. తల గీరుకున్నాడు. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. గుడ్డే వంకరగా ఉందనుకుని కుడివైపు తాడు పైకి లాగాడు. మళ్ళీ చూశాడు. ఇంకా లాగాడు. పెరట్లోంచి ఇడ్లీల ఆవిరి, మటను మసాలా వాసన, వంటవాళ్ళ కేకలు. అవ్వ వక్కాకు నములుతూ వచ్చి నిలబడి చూసి, చల్లగా అంది.

"ఏంరా, నీ చెల్లెలి పేరు ముందుకు పోతా ఉంటే, అల్లుడి పేరు వెనక్కి పడిపోతా ఉండాదే?"

నాయన తాడు లాగడం ఆపేశాడు. కిటికీలోంచి అత్త కూడా చూసింది. పక్కింటివాళ్ళు ఆమెకు జడ వేస్తున్నారు, సగం జడతోనే లేచి నిలబడింది.

"అన్నా! అచ్చు బోర్లించలేదా?"

"బోర్లించమన్నావా?" అన్నాడు నాయన.

పాపం, ఆ ఒక్క మాటకు ఆయనను ఇప్పటికీ తిట్టబుద్ధి కాదు. ఎం లో సన్నగా ఉండాల్సిన ఎముక లావుగానూ, లావుగా ఉండాల్సిన కడుపు సన్నంగానూ ఉందని అత్త కిటికీలోంచే చెప్పేసింది. కడుపూ ఎముకా ఎవరికి కావాలి? ఒరిగి నడిచే మనిషి పేరు, వెనక్కి ఒరిగి పడిపోతున్నట్టు, బంగారు రంగులో, పందిట్లో అందరి కళ్ళెదురుగా! కావాలని చేశారని కాక ఇంకేమనుకుంటారు? పీకుదామని నాయన ఒక మూల గోరు పెడితే మఖమలు నూగు ఊడి కింద తెల్లటి గుడ్డ బయటపడింది. బంగారు కాగితం ఇంకో తునక కూడా లేదు. నెల్లూరు పోయి తెచ్చే పొద్దు లేదు. గుడ్డ మొత్తం తీసేద్దామంటే, వీధిలో పిల్లలు అప్పుడే కేక వేశారు. మగపెళ్ళివాళ్ళ బస్సు కాలవ మలుపు తిరిగింది.

అమ్మ బుట్టలో ఉన్న మల్లెపూల మాలలు తెచ్చి, ఆయన పేరుమీద వరసగా వేలాడదీసింది. పేరు మొత్తం కప్పుకుపోయింది. హమ్మయ్య అనుకున్నాం. మేం ఎంత తెలివైనవాళ్ళమో చూడండి. పెళ్ళికూతురి పేరు మెరుస్తూ ఉంది, పెళ్ళికొడుకు పేరే లేదు!

బస్సు దిగి ముందు వచ్చింది వాళ్ళక్క. పొడుగాటి మనిషి, చేతిలో గొడుగు. అవ్వ ఎదురుపోయి చేతులు పట్టుకుంది. ఆమె అవ్వ భుజం మీదుగా గుడ్డను చూసింది.

"మా తమ్ముడి పేరు ఏది?"

అవ్వ వెనక్కి తిరిగి పూలమాలల వైపు చూసింది.

"పూల కింద దాచిపెట్టినారా? ఎందుకు?" అంటూ నేరుగా పోయి మాలలు లాగేసింది. లాగి, పూలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె వెనక బస్సు దిగినవాళ్ళంతా నిలబడ్డారు. ఎవరో చిన్నగా, "ఏందిది, ఇట్టా పడిపోతా ఉండాది?" అన్నారు. ఆమె మెడ కందిపోయింది. గొడుగును చంకలో పెట్టుకుంది. బస్సు వైపు తిరిగితే మా పని అయిపోయినట్టే.

నాయన గొంతు సవరించుకుని, "అదొక కొత్త మోడలండీ. పట్నంలో ఇప్పుడంతా..." అని మొదలుపెట్టాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. దేవుడా దేవుడా అనడం తప్ప ఇంకే ప్రార్థనా రాలేదు.

"అన్నా, అబద్ధం చెప్పబాక."

అత్త. తెల్లచీర, కాళ్ళకు చెప్పులు లేవు, జడ సగమే. పెళ్ళికాకముందు పెళ్ళికూతురు పందిట్లోకి రాకూడదు కదా, వచ్చేసింది. తిన్నగా మగపెళ్ళివాళ్ళ గుంపులోకి చూసింది. చూసి, ఆయన పేరు పెట్టి పిలిచింది. ఉత్త పేరు కాదు, గారు చేర్చే పిలిచింది. కానీ పేరు! మొగుడు కాబోయేవాడి పేరు, అంతమంది పెద్దల్లో, గట్టిగా! అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది పొరబాటు. ఎగతాళి కాదు. మీ పేరుకి కత్తెర పెట్టనీకుండా నన్ను ఆపినారు. మా అన్న కోసినాడు, ఆయనకి ఈ పని రాదు. నేను కోసుంటే సక్కంగా ఉండేది. మీరు పోతే పోండి, కానీ ఎగతాళి చేసినారనుకుని మాత్రం పోబాకండి."

చివరి మాట దగ్గర ఆమె ఏడ్చేసింది. మా అత్త ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆయన గుంపును తప్పించుకుని ముందుకు వచ్చాడు. ఒరుగుతూ, మెల్లగా. ఆ నడకను చూడకూడదని మేమందరం నేల చూపులు చూస్తున్నాం. గుడ్డ ముందు నిలబడి, ఆ చివరినుంచి ఈ చివరికి చదివాడు. తరువాత నవ్వాడు. లోలోపల నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, పందిరంతా వినపడేట్టు.

"అక్కా, నా కాలుని ఎగతాళి చేస్తే నాకు తెలియదా? చిన్నప్పట్నించీ చూస్తా ఉండా గదా! ఇది అది కాదు. సరిగ్గా చూడు. ఈయన సక్కంగా కోసుంటే ఆమె పేరు నా పేరు ఎనకాల పడి వస్తా ఉండేది, నా పేరు ఆమెకి వీపు చూపించి పోతా ఉండేది. ఇప్పుడు చూడు. ఆమె ఇటు వాలింది, నేను అటు వాలినాను. ఇద్దరం తలా తలా ఆనించుకుని మాట్లాడుకుంటా ఉన్నట్టు లేదూ?"

అందరూ తలలెత్తి చూశారు. నేనూ చూశాను. నిజమే! అప్పటిదాకా పడిపోతున్న పేరు ఆయన ఆ మాట అన్నాక పడిపోతున్నట్టు లేదు. ఇల్లు కప్పే రెండు వాసాల్లాగా ఆ రెండు పేర్లూ ఉంగరాల మీదికి ఒరిగి ఉన్నాయి.

వాళ్ళక్క ఇంకా నవ్వలేదు. అత్త దగ్గరికి నడిచింది. పైనుంచి కిందికి చూసింది.

"తల గూడా దువ్వుకోకుండా వచ్చినావే పిల్లా, మావోడి కోసం!" అంది. గొడుగు నా చేతికిచ్చి, అత్తను వెనక్కి తిప్పి, మిగిలిన సగం జడ తానే అల్లి, గుడ్డమీదనుంచి లాగిన మల్లెమాల ఆ జడలో పెట్టింది. పెట్టి, చెంగుతో ముక్కు తుడుచుకుని మావాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏంది, అందరూ గుడ్లప్పగించి చూస్తా ఉండారు? ఇడ్లీలు పెడతారా, చల్లారబెడతారా?"

అప్పుడు విడిచాం ఊపిరి. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఊపిరి అది. నవ్వులు మొదలయ్యాయి. నిషేధించిన నవ్వులన్నీ కలిపి నవ్వాం. మా తమ్ముడు ఎందుకో తెలియకుండానే నేలమీద దొర్లి నవ్వాడు. నాయన మాత్రం నవ్వలేదు, గంటె పట్టుకుని ఇడ్లీలు వడ్డిస్తూ ఒక్కొక్కరికీ నాలుగేసి పెట్టుకుంటూ పోయాడు.

గుడిలో పెళ్ళి ఏ చిక్కూ లేకుండా జరిగింది. మధ్యాహ్నం మటను, పప్పుచారు, సేమ్యా పాయసం. వాళ్ళక్కా మా అవ్వా పక్కపక్కన కూర్చుని ఒకరి ఆకులో ఒకరు ముక్కలు వేసుకున్నారు. అవ్వ ఆమెతో, "పేరు పెట్టి పిలిచిందని ఏమీ అనుకోబాకమ్మా" అంటే, ఆమె, "పిలిచింది కాబట్టే నిలబడినా. లేకపోతే ఈపాటికి నాయుడుపేట దాటుండేదాన్ని" అంది.

అత్త కాపురానికి పోయాక కూడా అక్షరాలు కోయడం మానలేదు. ఎడమకు వాలే అచ్చులు ఇంకో జత, ఇ తో, ఆర్ తో సహా, కడుపూ ఎముకా సరిచూసి గీసుకుంది. కొన్నేళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికూతురి పేరు అటు, పెళ్ళికొడుకు పేరు ఇటు వాలకపోతే పెళ్ళే చేసుకోం అన్నంత మోజు నడిచింది. తరువాత థర్మాకోలు వచ్చింది, దాని తరువాత ఫ్లెక్సీ. ఇప్పుడెవరికీ జిగురు ఉడికించే పనే లేదు. అత్తా మామా కలిసి బాగా ముసలివాళ్ళయ్యేదాకా బతికారు. చివరిదాకా ఆమె ఆయనను పేరు పెట్టే పిలిచింది, ఆయన పలికాడు.

నాకు ఆ రోజున అన్నిటికంటే బాగా గుర్తున్నది సాయంత్రం. బస్సు అత్తను ఎక్కించుకుని కాలవ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. చుట్టాలు పల్చబడ్డారు. నాయన పెరట్లో బోర్లించిన వంట గుండిగ మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. వెక్కిళ్ళు పెట్టి, చిన్నపిల్లవాడిలా. నాకు భయం వేసి అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ కిటికీలోంచి చూసి, "ఏడవనీ. బరువు దిగింది, అంతే. నువ్వు పోబాక" అంది. పొద్దుటినుంచి నాయన ఏమీ తినలేదని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అందరికీ పెట్టే పెద్దమనిషి ఆయనే కదా, ఆయనకు పెట్టాలని ఎవరికి తోస్తుంది?

షాపులో కూర్చుని నేను లెక్క వేసుకున్నాను. అప్పుడు మా నాయనకు ముప్ఫై అయిదేళ్ళు కూడా లేవు. తండ్రి లేడు, చెల్లెలి బతుకు చేతిలో ఉంది, చేతకాని కత్తెర పట్టుకుని తలుపేసుకుని కూర్చున్నాడు. నా కళ్ళకు ఆయన కొండంత మనిషి. ఇప్పుడు నా చిన్నకొడుక్కే అంతకంటే ఎక్కువ వయసు. ఆ గుండిగ మీద కూర్చున్న మనిషి ఇప్పుడు నాకు ఎదురుపడితే, తల నిమిరి, "ఏం నాయనా, అంతా బాగానే అయిపోయింది గదా, లెయ్యి, రెండు ముద్దలు తిను" అంటాను.